పార్కుకు వేరే పోలీసు ఎందుకు: అధికారం, హద్దులు, గస్తీ

ఊరంతటికీ పోలీసులు ఉన్నప్పుడు పార్కుకు వేరే దళం దేనికి? ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చిన ప్రతిసారీ ఈ ప్రశ్న లేస్తుంది. పార్కులో నమోదైన హత్యలు, దోపిడీల లెక్క చూస్తే దీనికి జవాబు దొరకదు. పార్కును నడిపేవాళ్లకు రోజూ తలనొప్పి తెచ్చేవి చిన్న విషయాలు. గొలుసు విప్పి వదిలేసిన కుక్క, గడ్డి మీదికి ఎక్కించిన కారు, చెట్టు మొదట్లో రాజేసిన నిప్పు, మూసే వేళ దాటినా కదలని గుంపు. వీటిలో ఏదీ నగర పోలీసు కంట్రోల్ రూముకు అత్యవసరం కాదు. ఇంట్లో కొట్లాట, రోడ్డు ప్రమాదం, దొంగతనం వరుసలో ఉన్నప్పుడు కుక్క మీద ఫిర్యాదు అట్టడుగుకు పోతుంది. ఒక సాయంత్రం పోతే నష్టం లేదు. ఏడాది పొడవునా అదే జరిగితే పసిపిల్లల తల్లులు, వయసు మళ్లినవాళ్లు, ఒంటరిగా నడిచే ఆడవాళ్లు రావడం మానేస్తారు. మంచీచెడూ గమనించే కళ్లు అలా తగ్గిపోయిన చోట పెద్ద నేరానికి వీలు చిక్కుతుంది. ఈ జారుడును మొదట్లోనే ఆపడం పార్కు పోలీసుల అసలు పని. అది నిత్యం అక్కడే తిరిగే మనిషి వల్ల మాత్రమే అవుతుంది.

చిరునామా దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. వీధిలో ఏదైనా జరిగితే ఇంటి నంబరో, దుకాణం పేరో చెప్పవచ్చు. పార్కు నుంచి ఫోన్ చేసేవాళ్లు ‘చెరువు దగ్గర పెద్ద చెట్టు కింద’ అంటారు. న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్కు 341 హెక్టార్లు, పెద్ద చెట్లు వేలల్లో ఉంటాయి. అందుకే అక్కడి దీపస్తంభాలకు నాలుగంకెల పలకలు బిగించారు. మొదటి రెండంకెలు ఆ స్తంభానికి దగ్గరగా ఉన్న అడ్డవీధిని చెబుతాయి. చివరి అంకె సరిసంఖ్య అయితే తూర్పు వైపు, బేసి అయితే పడమటి వైపు. 7413 అని చదివి చెప్తే చాలు, 74వ వీధికి సూటిగా పడమటి సగంలో ఉన్నారని తెలిసిపోతుంది. ఇలాంటి ఏర్పాటు లేని పార్కుల్లో బెంచీలకో, చెట్లకో అంకెలు వేసి ఆ పటం కంట్రోల్ రూములో పెట్టాలి. చాలాచోట్ల పని చెడేది ఇక్కడే. తోటమాలుల పటంలో ఒక పేరు, జనం నోట ఇంకో పేరు, పోలీసుల కంప్యూటర్లో మూడో పేరు ఉంటాయి. ఏ గేటు తాళం ఎవరి దగ్గర ఉంది, ఏ వంతెన కింద అంబులెన్సు పడుతుంది, వాన పడితే ఏ బాట బురదలో కూరుకుపోతుంది అన్నవి తెలిసినవాళ్లు ఒక్కరైనా ప్రతి షిఫ్టులో ఉండాలి. అన్ని కాలాలూ అక్కడ గడిపితే గానీ ఈ ఎరుక రాదు. నెలనెలా బీటు మార్చే పద్ధతిలో అసలే రాదు.

అధికారం ఎక్కడి నుంచి వస్తుంది

నియమం రాయడం తేలిక. దాన్ని తప్పినవాణ్ని ఏం చేయవచ్చో రాయకపోతే కాపలాదారు చేతులు కట్టేసినట్టే. అమెరికాలో యెల్లోస్టోన్‌ను 1872లో జాతీయ ఉద్యానంగా ప్రకటించినప్పుడు జరిగింది అదే. జంతువులను విచ్చలవిడిగా చంపొద్దన్నారు, శిక్ష మాత్రం రాయలేదు. 1886లో కాపలాకు సైన్యాన్ని దించారు. వేటగాణ్ని పట్టుకున్నా సైనికులు చేయగలిగింది అతని సామాను లాక్కుని హద్దు దాటించడమే. 1894 మార్చిలో బైసన్లు అనే అడవి దున్నలను చంపుతూ ఒక వేటగాడు పట్టుబడ్డాడు. అప్పటికి ఉద్యానంలో మిగిలిన అడవి బైసన్ల మంద చాలా చిన్నది. అతనికి శిక్ష వేసే చట్టమే లేదన్న సంగతి పత్రికల్లో పడి దేశమంతా గోల లేచింది. ఆ మే నెలలోనే అమెరికా చట్టసభ కాంగ్రెస్ చట్టం చేసి జరిమానా, జైలు శిక్ష రెండూ చేర్చింది. ఆ కాపలా 1918 దాకా సైన్యం చేతిలోనే ఉంది.

బ్రిటన్ అదే 1872లో వేరే దారి పట్టింది. పార్క్స్ రెగ్యులేషన్ యాక్ట్ ప్రకారం రాచపార్కుల్లో కాపలాదారుకు, పార్కు హద్దుల లోపల, ఆ ప్రాంతపు పోలీసు కానిస్టేబుల్‌కు ఉండే అధికారాలన్నీ ఉంటాయి. హద్దు దాటితే అతను మామూలు పౌరుడు. ఈ ఒక్క వాక్యం మీదే తర్వాత వందేళ్లకు పైగా లండన్ రాచపార్కుల కాపలా సాగింది. 1974లో ఆ కాపలాదారులు రాయల్ పార్క్స్ కాన్‌స్టాబ్యులరీ పేరుతో పోలీసు దళం అయ్యారు. స్థానిక మండళ్ల పార్కులకు 1967 నాటి ఇంకో చట్టం ఉంది. లండన్ బరోలు, అంటే నగరంలోని స్థానిక మండళ్లు, తమ సిబ్బందితో ప్రమాణం చేయించి పార్కు బైలాల (స్థానిక నియమాల) అమలుకు కానిస్టేబుళ్లుగా పెట్టుకోవచ్చు. అమెరికా రాజధానిలోని పార్క్ పోలీసు మూలం ఇంకా పాతది. 1791లో జార్జ్ వాషింగ్టన్ కాలంలో ప్రభుత్వ స్థలాలకు పెట్టిన కాపలాదారులకు 1882లో నగర పోలీసుతో సమానమైన అధికారాలు వచ్చాయి. 1919లో ఇప్పటి పేరు, 1933లో జాతీయ ఉద్యానాల సంస్థ నీడ దొరికాయి. ఈ దళం ముఖ్యంగా వాషింగ్టన్, న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాల్లో పనిచేస్తుంది. యోసెమిటీ, యెల్లోస్టోన్ లాంటి జాతీయ ఉద్యానాల్లో కాపలా చూసే రేంజర్లు వేరు. బయటివాళ్లు ఈ రెంటినీ తరచుగా కలిపేస్తారు.

రేంజర్ల చేతికి పోలీసు అధికారం పూర్తిగా రావడానికి ఒక గొడవ కారణమైంది. 1970 జులై 4న యోసెమిటీలో స్టోన్‌మన్ మెడో అనే పచ్చికబయలును ఖాళీ చేయించడానికి గుర్రాల మీద వెళ్లిన రేంజర్లకూ, అక్కడ చేరిన యువకులకూ ఘర్షణ జరిగింది. వంద మందికి పైగా అరెస్టయ్యారు. గుంపును ఎలా కదిలించాలో శిక్షణ లేనివాళ్లను ఆ పనికి పంపారన్నది ఆ రోజుతో తేలిపోయింది. 1976లో వచ్చిన చట్టం శిక్షణ పొంది నియమితులైన రేంజర్లకు ఆయుధం ధరించే, అరెస్టు చేసే అధికారాన్ని స్పష్టంగా రాసింది. ఇప్పుడు వాళ్లూ, పార్క్ పోలీసులూ జార్జియా రాష్ట్రం గ్లింకోలోని కేంద్ర శిక్షణ సంస్థకే వెళ్తారు.

అధికారం తక్కువగా ఉంటే పని జరగదని అనుకోనవసరం లేదు. న్యూయార్క్ పార్కుల శాఖకు సొంతంగా పార్క్స్ ఎన్‌ఫోర్స్‌మెంట్ పెట్రోల్ ఉంది. వాళ్ల దగ్గర తుపాకీ ఉండదు. చలానా రాయగలరు, అవసరమైతే అరెస్టూ చేయగలరు. సెంట్రల్ పార్కుకు నగర పోలీసు ఠాణా ఒకటి ప్రత్యేకంగా ఉంది. పెద్ద నేరం ఠాణాకు, నియమాల పని పెట్రోల్‌కు. ఈ పంపకం పనిచేయడానికి కారణం రెండు వైపులా ఎవరి పని ఏదో తెలిసి ఉండటమే.

హద్దు రాయి ఎక్కడుంది

అమెరికా కేంద్రప్రభుత్వ పార్కుల్లో నేల మీద అధికారం ముఖ్యంగా మూడు రకాలు. కొన్నిచోట్ల కేంద్రం చట్టమే చెల్లుతుంది. యెల్లోస్టోన్ అలాంటిది. కొన్నిచోట్ల కేంద్రానికీ, రాష్ట్రానికీ ఉమ్మడి అధికారం. మరికొన్నిచోట్ల కేంద్రం కేవలం భూమి యజమాని. పార్కు నియమాలు దానివి, దొంగతనం, దాడి లాంటి నేరాలు రాష్ట్ర పోలీసులవి. ఒకే పార్కులో కొన్న కాలాన్ని బట్టి రెండు మూడు రకాల ముక్కలు పక్కపక్కనే ఉండవచ్చు. పార్కింగ్ స్థలంలో ఒక మూల పడిన దెబ్బ ఒక కోర్టుకు, పది అడుగుల అవతల పడిన దెబ్బ ఇంకో కోర్టుకు వెళ్లే పరిస్థితి అలా వస్తుంది. పార్కు నియమాల ఉల్లంఘన అక్కడ చిన్న నేరం, గరిష్ఠంగా ఆరు నెలల జైలు. తప్పు చేసినవాడికి ఇచ్చే నోటీసు మీద స్థలం తప్పుగా రాస్తే మాత్రం ఆ చిన్న కేసు కూడా నిలవదు. కాబట్టి అధికారి నేర్చుకోవాల్సిన మొదటి పాఠం నోటీసులో స్థలం రాసే పద్ధతి. జీపీఎస్ అంకెలు, దగ్గరి స్థిరమైన గుర్తు, ఆ గుర్తు నుంచి ఎన్ని మీటర్లు ఏ దిక్కున అనే మూడూ రాయాలి. ఫోన్‌లో చూపించే చుక్క చెట్ల కింద పది ఇరవై మీటర్లు పక్కకు పోతుంది. హద్దు దగ్గర జరిగిన సంగతికి ఆ తేడా చాలు.

చెట్టు నరికిన కేసులో ఇంకో చిక్కు ఉంటుంది. నష్టం ఎంతని కోర్టు అడుగుతుంది. చెట్టు విలువ కట్టే పద్ధతులు చాలావరకు కాండం మందం మీద ఆధారపడతాయి. లండన్‌లో వాడే కావట్ పద్ధతి కూడా అంతే. మనిషి ఛాతీ ఎత్తులో, అంటే నేల నుంచి ఇంచుమించు 1.3 నుంచి 1.5 మీటర్ల దగ్గర కొలుస్తారు. నరికేశాక ఆ ఎత్తు మిగలదు. మొద్దు మీద రెండు దిక్కులా అడ్డంగా కొలిచి, పడిన దుంగను కూడా కొలిచి, కొలబద్ద కనిపించేలా ఫొటో తీయాలి. బెరడు రకం, కోత తాజాదో కాదో రాసుకోవాలి. ఇదంతా తోట సిబ్బంది శుభ్రం చేసేలోపే జరగాలి. కానీ తోటవాళ్లు పొద్దున్నే వచ్చి, బాటకు అడ్డంగా ఉందని ముక్కలు చేసి బండెక్కిస్తారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ‘కోత కనిపిస్తే ముట్టుకోకుండా ఫోన్ చేయండి’ అని తోట సిబ్బందికి చెప్పి ఉంచడం ఖర్చు లేని పని, చేసేవాళ్లు మాత్రం తక్కువ.

గస్తీ ఎలా ఉండాలి

కారులో తిరిగే గస్తీ కారు పోయే బాటనే చూస్తుంది. పార్కులో జరిగేది బాటకు అవతల. నడక అన్నిటికన్నా ఎక్కువ చూపిస్తుంది, కానీ వందల హెక్టార్లకు చాలదు. సైకిలు నిశ్శబ్దంగా చేరుతుంది, జనంతో మాట్లాడటానికి అడ్డు కాదు. గుర్రం మీద కూర్చున్న మనిషి కళ్లు ఇంచుమించు రెండున్నర మీటర్ల ఎత్తున ఉంటాయి. పొదల పైనుంచి, గుంపు తలల మీదుగా చూడగలడు. అమెరికా పార్క్ పోలీసు గుర్రపుదళాన్ని 1934లో మొదలుపెట్టింది. గుర్రాలకు మేత, వైద్యం, రౌతు శిక్షణ, శాల ఖర్చు ఏడాదంతా ఉంటాయి కాబట్టి చిన్న దళాలకు సైకిలే మేలు.

గస్తీ వేళలు పార్కు లయను బట్టి మారాలి. తెల్లవారుజామున నడకకు వచ్చేవాళ్లు కార్లు వదిలి వెళ్తారు. అద్దాలు పగిలేది అప్పుడే. కారు దొంగ పార్కింగ్‌లోనే నిలబడి ఎవరు సంచిని డిక్కీలో పెడుతున్నారో చూస్తాడు. అందుకే ‘విలువైనవి డిక్కీలో దాచండి’ అన్న బోర్డుకన్నా ‘ఇంటి దగ్గరే డిక్కీలో పెట్టి రండి’ అన్న బోర్డు పనికొస్తుంది. సాయంత్రం కుక్కల గొడవ, చీకటి పడ్డాక తాగుడు, మూసే వేళకు గేట్ల దగ్గర వాదన. ఈ క్రమం తెలిసిన అధికారి ఆ వేళకు ఆ చోట కనిపిస్తాడు. కానీ రోజూ ఒకే నిమిషానికి ఒకే బాటలో వస్తే కాచుకున్నవాడికి ఆ గడియారం తెలిసిపోతుంది. చోటు ఖాయంగా ఉంచి, బయల్దేరే నిమిషాన్నీ, దిక్కునూ మార్చాలి.

మూసేటప్పుడు చేసే ఊడ్పు గస్తీకి కొన్ని పద్ధతులున్నాయి. అరగంట ముందు మొదటి ప్రకటన. పదిహేను నిమిషాల ముందు లోపలికి వచ్చే కార్ల గేటు మూత, బయటికి వెళ్లేది తెరిచే ఉండాలి. తర్వాత గేట్లకు అన్నిటికన్నా దూరంగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టి గేట్ల వైపు జనాన్ని నడిపిస్తూ రావాలి. తలకిందులుగా గేటు దగ్గర మొదలుపెడితే జనం లోపలికే జరుగుతారు. మరుగుదొడ్లు, పడవల షెడ్డు, ఆటస్థలం సొరంగం చూసి తాళం వేయాలి. మిగిలిపోయిన కారుంటే ముందు ఇంజిను మీద చెయ్యి పెట్టి చూస్తారు. చల్లగా ఉంటే మనిషి పార్కు లోపల ఎక్కడో ఉన్నాడని, లేదా ఏదో జరిగిందని అర్థం. అప్పుడు దాన్ని పార్కింగ్ తప్పుగా కాక మనిషి గల్లంతుగా తీసుకోవాలి.

పిల్లలు తప్పిపోయినప్పుడు మొదటి పది నిమిషాలే అన్నీ తేలుస్తాయి. ముందుగా నీళ్ల దగ్గరికి ఒకరిని పంపాలి. చెరువు, ఫౌంటెన్, కాలువ. మిగతా చోట్ల పిల్లవాడు పది నిమిషాలు ఆలస్యంగా దొరికినా బతికి ఉంటాడు. రెండోది గేట్లు. ప్రతి గేటు దగ్గరా ఒక మనిషి, అది తోటమాలి అయినా సరే. మూడోది చివరగా చూసిన చోట కుటుంబంలో ఒకరు కదలకుండా నిలబడటం. పిల్లలు చాలాసార్లు తిరిగి అక్కడికే వస్తారు. గుర్తుల్లో చొక్కా రంగుకన్నా చెప్పులు ముఖ్యం. ఎవరైనా ఎత్తుకుపోతూ పైన ఇంకో చొక్కా తొడిగినా చెప్పులు మార్చడం అరుదు.

నియమం తప్పినవాళ్లతో మాట్లాడే తీరుకూ పద్ధతి ఉంది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీకి చెందిన జార్జ్ వాలెస్ రేంజర్లకు నేర్పిన పద్ధతి చాలా దళాల శిక్షణలోకి వచ్చింది. ఎదురుగా నిలబడి ‘నియమం తెలియదా’ అనకూడదు. పక్కన నిలబడి, ఇద్దరూ అదే పచ్చికను చూస్తూ, అక్కడ గూడు కట్టిన పక్షుల సంగతో, తొక్కుడుకు చచ్చిన గడ్డి సంగతో చెప్పాలి. అప్పుడు నిషేధించేది అధికారి కాదు, ఆ చోటు. ఎక్కువమందికి అది చాలు. ఆ తర్వాత కూడా వినకపోతే పేరు రాసుకుని హెచ్చరిక, మళ్లీ చేస్తే జరిమానా. ఇక్కడ పుస్తకంలో రాయడం ముఖ్యం. హెచ్చరిక నమోదు కాకపోతే ప్రతి కొత్త అధికారీ మొదటి మెట్టు నుంచే మొదలుపెడతాడు. పాతకాపు అది పసిగట్టి ఏళ్లతరబడి హెచ్చరికలతోనే గడిపేస్తాడు.

చిన్న పని అనుకున్నదే ప్రాణం తీసిన సందర్భాలూ ఉన్నాయి. 2012 జనవరి 1న అమెరికాలోని మౌంట్ రైనియర్ జాతీయ ఉద్యానంలో మంచుకు టైర్లకు గొలుసులు కట్టారో లేదో చూసే చోట ఒక కారు ఆగకుండా వెళ్లిపోయింది. పైన దారికి అడ్డంగా వాహనం పెట్టిన రేంజర్‌ను ఆ కారులోని మనిషి కాల్చి చంపాడు. నియమాల పని చేసేవాళ్లకు ఆయుధం అక్కర్లేదని వాదించేటప్పుడు ఈ ఘటనను పక్కన పెట్టకూడదు. సహాయం రావడానికి గంట పట్టే అడవి పార్కుకూ, ఐదు నిమిషాల్లో నగర పోలీసు చేరే పార్కుకూ ఒకే జవాబు ఉండదు.

పొదలు, కొమ్మలు కూడా పోలీసు పనే. బాట పక్క పొద మోకాలు దాటి, 60 సెంటీమీటర్లకు మించి పెరగకుండా, చెట్టు కొమ్మలు రెండు మీటర్ల కిందికి దిగకుండా ఉంచితే మనిషి నిలబడే ఎత్తంతా కనిపిస్తుంది. అన్నిచోట్లా ఇలా కొట్టేస్తే పక్షులకు చోటుండదు. కాబట్టి బాటకు ఆనుకున్న రెండు మూడు మీటర్లకు, గేట్లకు, మరుగుదొడ్ల చుట్టూ మాత్రమే. దళం పార్కు శాఖలోనే ఉంటే రాత్రి గస్తీ రాసిన ‘మూడో నంబరు దీపం వెలగడం లేదు, పొద కమ్మేసింది’ అన్న ముక్క పొద్దున్నే తోటమాలి చేతికి అందుతుంది. వేరే శాఖలో ఉంటే అది ఉత్తరమై రెండు కార్యాలయాలు తిరుగుతుంది. ప్రత్యేక దళం వైపు మొగ్గడానికి బలమైన కారణం అడిగితే ఇదే.

దళం పని బాగుందో లేదో అరెస్టుల లెక్కతో కొలవకూడదు. చలానాలు పెరిగాయంటే నియమం తప్పేవాళ్లు పెరిగారా, రాసేవాళ్లు పెరిగారా తెలియదు. సూర్యాస్తమయానికి గంట ముందు, ప్రతి వారం ఒకే రోజున, ప్రతి గేటు దగ్గర పిల్లలు, ఆడవాళ్లు, పెద్దవయసువాళ్లు ఎందరో విడివిడిగా లెక్కేస్తే కొంత నిజం తెలుస్తుంది. ఒకే చోటు మీద మళ్లీ మళ్లీ వచ్చే ఫిర్యాదు ఇంకో కొలత.

పార్కు దాటిన పని

పార్కులో పెట్టుకున్న సామర్థ్యం ఊరికంతటికీ అక్కరకొచ్చిన సందర్భం ఒకటి బాగా గుర్తుండిపోయేది. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో ఎయిర్ ఫ్లోరిడా విమానం వంతెనను ఢీకొని గడ్డకట్టిన పొటోమాక్ నదిలో పడింది. మంచులో రోడ్లన్నీ స్తంభించిపోయాయి. పార్క్ పోలీసు హెలికాప్టర్ ఇద్దరు సిబ్బందితో వచ్చి తాడు జారవిడిచి, నీళ్లకు ఆనేంత కిందికి దిగి, బతికిన ఐదుగురిలో నలుగుర్ని ఒడ్డుకు లాగింది. ఐదో ఆమెను ఒడ్డున చూస్తున్న ఒక మనిషి నీళ్లలో దూకి కాపాడాడు. నది పక్క పార్కుల మీద రోజూ ఎగిరే పైలట్‌కు ఆ నేలా, ఆ నీరూ తెలుసు.

నిరసన, నిద్ర

పార్కు జనం చేరే చోటు, కాబట్టి జనం గొంతెత్తే చోటూ అదే. 1866 జులైలో ఓటుహక్కు కోసం రిఫార్మ్ లీగ్ అనే సంఘం లండన్ హైడ్ పార్కులో సభ పెట్టబోతే పోలీసులు గేట్లు మూశారు. జనం ఇనుప కంచెలు పీకేసి లోపలికి పోయారు. ఆ పార్కులోనే తర్వాత ఎవరైనా నిలబడి ప్రసంగించే స్పీకర్స్ కార్నర్ వెలిసింది. గేటు మూయడం కన్నా చోటు చూపించడం శాంతికి మేలని అక్కడి పాలకులకు తెలిసొచ్చింది.

అనుమతి నియమం ఎంత చిన్న గుంపు నుంచి మొదలవ్వాలి అన్నది ఇప్పటికీ కోర్టుల దాకా వెళ్లే ప్రశ్న. అమెరికా అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్‌మోర్ కొండ దగ్గర కరపత్రాలు పంచబోయిన ఒక మనిషిని అనుమతిపత్రం లేదని రేంజర్ ఆపాడు. ఒంటరి మనిషికి కూడా అనుమతి కావాలన్న నియమాన్ని 2010లో అప్పీలు కోర్టు కొట్టేసింది. ఆ తర్వాత జాతీయ ఉద్యానాల్లో కేటాయించిన చోట్ల పాతికమంది దాకా అనుమతి లేకుండా చేరవచ్చని మార్చారు. నిద్ర విషయంలో కోర్టు వేరుగా చెప్పింది. వైట్‌హౌస్ ఎదుటి లాఫాయెట్ పార్కులో గూడులేనివాళ్ల కోసం నిరసనగా గుడారాలు వేసుకోవచ్చుగానీ అందులో పడుకోవడాన్ని నిషేధించవచ్చని 1984లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

2024లో ఓరెగాన్ రాష్ట్రం గ్రాంట్స్ పాస్ ఊరి కేసులో ఆ నిద్ర గొడవ మళ్లీ వచ్చింది. పార్కులో దుప్పటి వేసుకుని పడుకుంటే 295 డాలర్ల జరిమానా, మళ్లీ దొరికితే 30 రోజులు పార్కులోకి రాకూడదన్న ఉత్తర్వు, అదీ దాటితే అక్రమ ప్రవేశం కింద జైలు. ఇవి రాజ్యాంగం నిషేధించిన క్రూరశిక్షలు కావని కోర్టు 6-3 తో తేల్చింది. తీర్పు ఏదైనా, గస్తీలో ఉన్నవాళ్లకు తెలిసిన సంగతి ఒకటుంది. చేతిలో డబ్బు లేనివాడికి జరిమానా కాగితం మాత్రమే. ‘రావద్దు’ అన్న ఉత్తర్వు అతణ్ని పక్క పార్కుకు, లేదా వంతెన కిందికి పంపుతుంది. తాళం వేసిన చోట దాక్కున్నవాణ్ని వెతకడం వెలుతురులో పడుకున్నవాణ్ని చూడటం కన్నా కష్టం. ఆ రాత్రి ఎక్కడ మంచం దొరుకుతుందో ఫోన్ చేసి చెప్పగలిగే అధికారికి ఖాళీ చేయించే పని సగం తగ్గుతుంది. మంచాలే లేని ఊళ్లో ఆ పనిని పోలీసు మీద వేయడం అన్యాయం.

గుంపును చెదరగొట్టే హెచ్చరిక సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే తప్పు ఎక్కువగా జరిగేది అక్కడే. 2020 జూన్ 1న లాఫాయెట్ పార్కు చుట్టుపక్కల నిరసనకారులను పార్క్ పోలీసు, ఇతర బలగాలు కలిసి ఖాళీ చేయించాయి. పార్క్ పోలీసు ఉన్న ఇంటీరియర్ శాఖలో తనిఖీలు చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్ 2021 నివేదిక చూపిన లోపాలు ఏ దళానికైనా పాఠాలే. హెచ్చరికలు ప్రకటించారుగానీ అందరికీ వినపడలేదు. బలగాలన్నిటికీ ఉమ్మడి రేడియో ఛానల్ లేదు. ఒక బలగం హెచ్చరికలకు ముందే కదిలింది. సరిగ్గా జరగాలంటే హెచ్చరిక ఇచ్చే ముందు గుంపు వెనక అంచున ఒక అధికారిని నిలబెట్టి వినపడిందని రేడియోలో చెప్పించాలి. ఏ దిక్కున వెళ్లాలో పేరుతో చెప్పాలి. ఆ దారి నిజంగా తెరిచి ఉండాలి. కనీసం మూడుసార్లు, మధ్యలో జనం నడవగలిగేంత వ్యవధితో ఇవ్వాలి. మొత్తం రికార్డు కావాలి. చదరపు మీటరుకు నలుగురైదుగురికి మించి నిలబడ్డ గుంపు తనంతట తాను కదలలేదని గుర్తుపెట్టుకుంటే ఆ వ్యవధి ఎందుకో అర్థమవుతుంది.

కలిపేస్తే ఏం పోతుంది, విడిగా ఉంటే ఏం పోతుంది

షికాగో పార్కుల పోలీసులు 1950ల చివర్లో నగర పోలీసులో కలిసిపోయారు. లండన్ రాచపార్కుల దళం పని 2004లో మెట్రోపాలిటన్ పోలీసుకు అప్పగించారు. నగర పోలీసులో పార్కుల విభాగంగా అది సాగింది. 2025లో డబ్బు చాలక ఆ విభాగాన్నే ఎత్తేస్తున్నట్టు మెట్రోపాలిటన్ పోలీసు ప్రకటించింది. వాండ్స్‌వర్త్ బరో 1985లో పెట్టుకున్న పార్కు పోలీసు 2012లో రద్దయింది. ఈ వరుసలో ఒక తీరు కనిపిస్తుంది. మొదట విలీనం, అప్పుడు ‘ప్రత్యేక విభాగం అలాగే ఉంటుంది’ అన్న మాట, కొన్నేళ్లకు కొరత, ఆ విభాగం వంతు ముందుగా రావడం. నగర పోలీసు అధికారికి చెడ్డ ఉద్దేశం అక్కర్లేదు. అత్యవసర ఫోన్లు అందుకోవడం అతని మీద ఉన్న బాధ్యత, పార్కు బీటు మనిషి దగ్గర్లో ఉన్న మనిషి. రోజుకు రెండుసార్లు అతణ్ని బయటికి పిలిస్తే పార్కు బీటు కాగితం మీదే మిగులుతుంది.

అలాగని విడిగా ఉన్నదంతా మంచిదని కాదు. చిన్న దళంలో పైకి ఎదగడానికి మెట్లు ఉండవు, అనుభవం వచ్చినవాళ్లు పెద్ద దళానికి వెళ్లిపోతారు. హత్య, అత్యాచారం దర్యాప్తుకు కావాల్సిన నైపుణ్యం ఉండదు. అన్నిటికన్నా ప్రమాదం, ఎవరికి జవాబుదారో మసకబారడం. 2017 నవంబరులో వాషింగ్టన్ పక్కన పార్క్‌వే అనే రహదారి మీద మొదలైన వెంబడింపులో పార్క్ పోలీసులు ఇద్దరు ఆయుధం లేని ఒక వాహనదారుణ్ని కాల్చారు. తర్వాత అతను చనిపోయాడు. వాళ్ల ఒంటి మీద కెమెరాలు లేవు. ఏం జరిగిందో జనం చూడగలిగింది వెనక వచ్చిన ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పోలీసు కారు కెమెరా వల్ల. కాల్చినవాళ్ల పేర్లు బయటికి రావడానికి ఏడాదికి పైగా పట్టింది. వెంబడించడం ఏ నేరానికి, ఎంత దూరం, ఎవరి అనుమతితో అన్నవి ముందే రాసి ఉండాలి. పార్కు దళానికి సాధారణంగా సరైన నియమం వెంబడించకపోవడమే. బండి నంబరు, వెళ్లిన దిక్కు రేడియోలో చెప్పి ఆగిపోవాలి.

చాలా నగరాలకు సరిపోయేది మధ్యదారి. పార్కు శాఖలో పరిమిత అధికారాలున్న సొంత గస్తీ, పెద్ద నేరాలకు నగర పోలీసు, రెంటి మధ్య రాతపూర్వక ఒప్పందం. సాయుధమైన పూర్తి పోలీసు దళం నిరసనలు, రహదారులు, దూరపు అడవులు ఉన్న చోటికే అవసరం. ఒప్పందంలో ఉండాల్సినవి మామూలుగా కనిపిస్తాయి కానీ ఒక్కటి తప్పినా రాత్రిపూట తెలుస్తుంది. ఏ నేరానికి ఎవరు ముందు, ఎవరు వెనక. గస్తీవాళ్లు పట్టుకున్న మనిషిని నగర పోలీసు ఎంతసేపట్లో వచ్చి తీసుకోవాలి. ఉమ్మడి రేడియో ఛానల్ ఏది, వారానికోసారి పరీక్షించేది ఎవరు. గాయాలపాలైనవారి దగ్గర సాక్ష్యం కాపాడేది ఎవరు. శరీర కెమెరా వీడియో ఎన్నాళ్లు, ఎక్కడ దాస్తారు. గస్తీ సిబ్బంది మీద ఫిర్యాదు విచారించేది పార్కు శాఖ కాకుండా బయటి సంస్థ ఏది.

విలీనం తప్పదని తేలితే పార్కుకు కేటాయించిన మనుషుల సంఖ్యను బడ్జెట్‌లో విడి పద్దుగా రాయించాలి. బీటు నుంచి ఒకర్ని బయటికి పిలిచిన ప్రతిసారీ సమయం, కారణం రాయాలి, ఆ పుస్తకం నెలనెలా పార్కు అధికారికి చూపాలి. పాత దళం హెచ్చరికల పుస్తకాలు, గేటు తాళాలు, దీపస్తంభాల పటం చేతులు మారే రోజున జాబితా వేసి అప్పగించాలి. పాతవాళ్లలో ఒకరైనా కొత్తవాళ్లతో నాలుగు కాలాలూ నడవాలి. మొదటి వేసవి సెలవులు ముగిశాక లెక్కలు చూసి, పద్దు పెంచాలా, పని తిరిగి పార్కు శాఖకు ఇవ్వాలా తేల్చాలి. ఆ తిరిగి ఇచ్చే వీలు ఒప్పందంలో ముందే రాసి ఉండాలి.